గల్ఫ్ నుంచి వచ్చిన చుక్కలు

ఈ పనికి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మేడం, చుక్కలు ఎట్ల పెంచాలె?" చుక్కలంటే ఫోన్‌లో హోటల్ పేరు కింద పసుప్పచ్చగా మెరిసే స్టార్లు. పెంచడం ఎలాగో నాకన్నా మీకే బాగా తెలుసు. నేను ఉద్యోగం నుంచి దిగిపోయిన మనిషిని, నా విద్య పాతబడింది. ఒక హోటల్‌కి చుక్కలు ఎక్కువై ఏమైందో మాత్రం చెప్పగలను. సంతోషపెట్టే సంగతి కాదు. అలాంటివి కావాలంటే మా యజమానిని అడగండి, ఆయన దగ్గర గంపెడున్నాయి.

మా ఆఫీసు కరీంనగర్ బస్టాండుకి దగ్గర్లో, ఫోన్ల దుకాణం పైన ఉండేది. మొదట్లో వ్యాపారుల ఫోన్ నంబర్లతో ఏటా ఒక లావుపాటి పుస్తకం వేసేవాళ్లం. ప్రకటనలు పట్టుకురావడం నా పని. ఆ పుస్తకాన్ని పల్లీలు పొట్లం కట్టడానికి వాడుతున్నారని తెలిశాక మా యజమాని మేల్కొన్నాడు. "ఇగ అందరు ఫోన్లనే దేవులాడుతున్నరు. మనం గూడ ఫోన్లకు పోదాం" అన్నాడు. అప్పటినుంచి హోటళ్లు, టిఫిన్ సెంటర్లు, చాయ్ దుకాణాలు ఫోన్ మ్యాపులో సరిగ్గా కనపడేలా చేయడం మా బతుకుదెరువు అయింది.

తేలిక పనే అనుకునేరు. హుస్నాబాద్‌లో ఒక టిఫిన్ సెంటర్ ఆయన తన హోటల్‌ని తానే మ్యాపులో పెట్టుకున్నాడు. ఇంట్లో మంచం మీద కూర్చుని పెట్టుకున్నాడు కాబట్టి హోటల్ ఆయన పడకగదిలో పడింది. దోసె కోసం వచ్చినవాళ్లందరికీ ఆయన అత్తగారు మంచినీళ్లిచ్చి, "మా అల్లుడు ఇంట్ల లేడు" అని పంపేస్తుండేది. అక్కడికి వెళ్లి, సరైన చోట నిలబడి గుర్తు మార్చి, ఫొటోలు తీసి, తెరిచే వేళలు పెట్టి రావడం నా పని. మిగిలిందంతా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే సహోద్యోగి చూసేవాడు. ఆయనది కరీంనగర్‌లోనే పాత ముస్లిం కుటుంబం. ఇంట్లో దక్కనీ, బజార్లో తెలుగు, మ్యాపు కంపెనీకి రాసేటప్పుడు ఇంగ్లీషు. కోపమొస్తే మూడూ ఒకేసారి వచ్చేవి.

నేను చెప్పబోయే హోటల్ లక్సెట్టిపేటలో బస్టాండు వెనక సందులో ఉండేది. నడిపేవాడు గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మనిషి. అక్కడ కట్టడాల కంపెనీ క్యాంపులో మన జిల్లాల కూలీలకు వండిపెట్టేవాడు. మంచి చెయ్యి. ఆయన పప్పుచారు తిన్నాక నాకు మా ఇంటి పప్పుచారు మీద అనుమానం వచ్చింది.

"మెయిన్ రోడ్డు మీద కిరాయి నాతోని కాలే అక్కా. గీ సందుల దొరికింది. ఒక్కసారి తిన్నోడు మళ్ల వస్తుండు. కని కొత్తోడు గీడికి ఎట్ల రావాలె? వాసన పట్టుకొని రావాల్నా?" అని అడిగాడు.

భార్య పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు చేస్తోంది. ఆయన ఏదో తేవడానికి బయటికి వెళ్లగానే చేతులు దులుపుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఏడాది సూస్తనన్నడు అక్కా. నడిస్తె ఉంటడట, లేకుంటె మళ్ల విమానం ఎక్కుతడట. లగ్గమైనకాంచి మేం కలిసున్నది ఎంత? వస్తడు, రెండు నెలలుంటడు, పోతడు. సుట్టం లెక్క. ఈ హోటల్ నడువాలె. నీకు ఏం తెలుస్తె గది చెయ్యి."

ఆ మాట నన్ను కదిలించింది. అందుకే ఆ హోటల్ పని మీద మామూలు కన్నా ఎక్కువ సమయం పెట్టాను. సందు మొదట్లో నిలబడి, కారు ఎక్కడ మలుపు తిరగాలో చూసి, మ్యాపులో గుర్తు సరిగ్గా గుమ్మం ముందు పెట్టాను. మధ్యాహ్నం వెలుతురులో పళ్లేల ఫొటోలు తీశాను. తిన్నవాళ్లను రెండు మాటలు రాయమని అడగాలని, అదీ తినడానికి వచ్చినవాళ్లనే అడగాలని, ఆ మాటలు ఒక్కొక్కటిగా మెల్లగా రావాలని, కుప్పగా వస్తే మ్యాపు కంపెనీకి అనుమానం వస్తుందని మొగుడూపెళ్లాలిద్దరికీ విడమరిచి చెప్పాను. ఇద్దరూ బుద్ధిగా విన్నారు. చెప్పినట్టే చేశారు కూడా.

కార్లు రావడం మొదలైంది. మంచిర్యాల నుంచి జగిత్యాల వైపు పోయేవాళ్లు, బదిలీ మీద కొత్తగా వచ్చిన టీచర్లు, పెళ్లిళ్లకు పోయే బండ్లు. ఫోన్ చేతిలో పట్టుకుని సందులోకి తొంగి చూస్తూ వచ్చేవాళ్లు. రొట్టెలకు ఆమె ఇంకో మనిషిని పెట్టుకుంది. నేను వెళ్లినప్పుడు ఆమె ముఖంలో నిశ్చింత కనపడేది. ఇక ఆయన ఉండిపోతాడు అనుకున్నాం.

ఒక శుక్రవారం ఆయన ఫోన్ చేశాడు. గొంతులో పండగ.

"అక్కా, జర ఫోన్ తెరువు! మనోళ్లు దుమ్ము లేపిన్రు!"

తెరిచాను. ఒక్క పూటలో ఆ హోటల్‌కి చుక్కల వాన కురిసింది. అన్నీ ఐదేసి. అన్నీ గల్ఫ్ నుంచి, ఆయన వండిపెట్టిన క్యాంపు నుంచి. హోటల్ ఫొటో ఒకటి వాళ్లకు చేరిందట. శుక్రవారం అక్కడ సెలవు కదా, మంచాల మీద కూర్చుని ఒకరి తర్వాత ఒకరు రాశారు. చేతకానివాళ్లకు పక్కవాళ్లు నొక్కిపెట్టారు. ఈయన అడగలేదు, ఈయనకు ముందు తెలియను కూడా తెలియదు.

"పెండ్లికి రాలేనోడు కట్నం పంపుతడు గద అక్కా. హోటల్ తెరిసిన నాడు రాలేకపోతిమి, గివి మా కట్నాలు అనుకో అన్నరు" అని చెబుతూ ఆయన ఏడ్చాడు.

మన వైపు ఎవరింట్లో శుభకార్యమైనా చేతనైనంత కట్నం చదివిస్తాం. వాళ్లు చదివించింది అదే. నేను ఒక్కొక్కటీ చదువుతూ పోయాను. "అన్న అన్నం పెట్టిండు, అన్న సల్లగుండాలె." "భాయ్ కే హాథ్ మే బర్కత్ హై", అన్న చేతిలో చలవ ఉందని ఇంకొకరు. వాటిలో ఒకటి ఆదిలాబాద్ వైపు బోథ్ ఊరి మనిషిది. పెద్దవాడు, క్యాంపులో అందరూ కాకా అనేవాళ్లట. రాయడం రాదు కాబట్టి ఫోన్‌లో మాట్లాడితే ఫోనే రాసుకుంది.

"నేను బోథ్ మనిషిని. గీ హోటల్ నేను సూడలే. గీ పిలగాని చేతి అన్నం శానేండ్లు తిన్న. జరమొస్తె జావ కాసి తాపిండు. ఇంటికొచ్చినంక మా ఆమెను తోలుకొని వస్త. గప్పటిదాక నడుపు బిడ్డా."

హోటల్ చూడలేదని తానే ఒప్పుకున్నాడు. అంత నిజాయితీగా రాసినవాణ్ణి నా సర్వీసులో ఇంకొకణ్ణి చూడలేదు.

ఆఫీసులో మా సహోద్యోగి అప్పటికే తల పట్టుకుని ఉన్నాడు. "అక్కా, యే తో గయా, ఇగ పోయినట్టే. గింతమంది, ఒక్కనాడు, ఒక్క రూముల నుంచి, అదిగూడ గల్ఫ్ నుంచి. దొంగ చుక్కలు కొనుక్కున్నరనుకుంటది మెషిన్."

"వాళ్లు ఆయన చేతి తిండి తిన్నది నిజమే కదా?" అన్నాను.

"నిజమే. కని ఈడ తినలే. మెషిన్‌కు ప్రేమ సంగతి ఎవలు చెప్పాలె?"

ఆయన అన్నట్టే అయింది. పూర్తి పేరు కొట్టి వెతికితే ఎక్కడో అడుగున కనపడేది తప్ప, "దగ్గర్లో భోజనం" అని వెతికేవాళ్లకు ఆ హోటల్ లేకుండా పోయింది. రోడ్డు మీద పోయేవాళ్లు వెతికేది అలాగే కదా. సందులో కార్లు ఆగిపోయాయి. రొట్టెలు చేసే మనిషిని మాన్పించారు. మా సహోద్యోగి క్యాంపు సంగతి, వంట సంగతి, కట్నాల సంగతి అంతా పూసగుచ్చినట్టు రాసి కంపెనీకి అర్జీ పెట్టాడు. అంత బాగా ఆయన ఇంకెప్పుడూ రాయలేదు. చాలా రోజులకు, అందరికీ పంపే జవాబు ముక్కే మాకూ పంపారు. నిబంధనలకు విరుద్ధం, కుదరదు. ఆ రోజు ఆయన మూడు భాషల్లో తిట్టాడు.

ఆ జవాబు కోసం కాచుకుని ఉన్న రోజుల్లోనే బోథ్ కాకా పోయాడు. పని నుంచి వచ్చి పడుకున్నాడు, పొద్దున లేవలేదు. శవమున్న పెట్టె ఊరికి రావడానికి వారాలు పట్టింది. మా హోటల్ మనిషి దుకాణం మూసి బోథ్ వెళ్లాడు. పాడె మోసిన నలుగురిలో తానొకణ్ణని నాకు ఫోన్‌లో చెప్పాడు. హోటల్ గురించి ఆ రోజు నేను ఏమీ అడగలేదు.

తర్వాత మా సహోద్యోగి ఒక దారి చెప్పాడు. ఆ చుక్కలన్నీ తీసేయిస్తే ఇంకొక్కసారి అర్జీ పెట్టుకోవచ్చు. అదే ఆఖరిది. రాసినవాళ్లే ఎవరిది వాళ్లు తీసేయాలి. ఆ మాట చెప్పడానికి నేనే లక్సెట్టిపేట వెళ్లాను.

"చదివిచ్చిన కట్నం వాపస్ తీస్కపొమ్మని ఎట్ల చెప్తరక్కా?" అన్నాడాయన. "నా నోరు రాదు."

"నేను చెప్త, ఫోన్ ఇటియ్యి" అని భార్య లాక్కుంది. క్యాంపువాళ్ల ఫోన్ గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టింది. "అన్నలారా, మీ ప్రేమ మాకు ముట్టింది. కని దానితోని మా హోటల్ మూతబడుతున్నది. మీ తమ్ముడు మళ్ల మీ దగ్గరికే వచ్చేటట్టున్నడు. జర తీసేయిన్రి, మీకు దండం పెడుత."

వాళ్లు తీసేశారు. ఒకాయన మాత్రం "మా సుక్కలు గూడ పనికిరాకుంట పోయినయా?" అని అలిగి గ్రూపులోంచి వెళ్లిపోయాడు. చివరికి బోథ్ కాకాది ఒక్కటే మిగిలింది.

మొగుడూపెళ్లాలిద్దరూ బస్సెక్కి కరీంనగర్ వచ్చారు. మా సహోద్యోగి కంప్యూటర్ వాళ్ల వైపు తిప్పి చూపించాడు. కాకా ఫోన్ పెట్టెతో పాటే ఊరికి వచ్చింది, కానీ దాని తాళం ఎవరికీ తెలియదు. ఇక ఒకటే దారి. హోటల్ యజమానిగా ఈయనే ఆ మాటల మీద ఫిర్యాదు చేయాలి. ఈ మనిషి మా గిరాకీ కాదు, ఇది అబద్ధం అని నొక్కాలి.

"అబద్ధమని నేనెట్ల అనాలె?" అన్నాడు. "పానం పోయేదాక నా చేతి బువ్వ యాది జేసుకున్న మనిషి."

మా సహోద్యోగి వైపు తిరిగి అడిగాడు. "భాయ్, గిదొక్కటి ఉంటె ఏమైతది?"

"ఏమన్న గావచ్చు, ఏం గాకపోవచ్చు. నేను జబాన్ ఇయ్యలేను భాయ్. కని ఈసారి కాదంటె మళ్ల అడుగనియ్యరు."

అప్పుడు భార్య అందుకుంది. గొంతు పెంచలేదు. "కాకా ఇగ రాడు. నువ్వు బతికున్నవు. నువ్వు గూడ గట్లనే పెట్టెల వస్తె నేనేం జెయ్యాలె? సచ్చిపోయినోని మాట కోసం నన్ను వదిలిపెడుతవా?"

ఆయన నా వైపు చూశాడు. "అక్కా, నువ్వు జెప్పు."

నొక్కమన్నాను. తప్పయిందని లెంపలేసుకోవడానికి ఇదంతా రాయడం లేదు. ఆ రోజు మళ్లీ వచ్చినా నేను అదే చెబుతాను. ఇంకేం చెప్పమంటారు? ఆమె అక్కడే, నా కుర్చీ పక్కనే నిలబడి ఉంది. ఆయన లేచి, కంప్యూటర్ ముందు కూర్చుని, "మాఫ్ చెయ్ కాకా" అని నొక్కాడు. బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. నేను చాయ్ పంపిస్తే తాగలేదు.

కాకా మాటలు పోయాయి. అర్జీ ఒప్పుకున్నారు. హోటల్ మళ్లీ మ్యాపులో పైకి వచ్చింది. మా యజమాని ఆఫీసులో మిఠాయి పంచి, కొత్త గిరాకీలందరికీ ఈ కేసు గొప్పగా చెప్పుకునేవాడు. గల్ఫ్ మాట మళ్లీ ఆ ఇంట్లో వినపడలేదు. ఆమె కోరుకున్నది ఆమెకు దక్కింది. అంతవరకు చెప్పి ఆపితే మా యజమాని కథ అవుతుంది.

కొన్ని నెలల తర్వాత, కొత్త ఫొటోలు తీయడానికి ఒక మధ్యాహ్నం నేను అక్కడికి వెళ్లాను. హోటల్ నిండుగా ఉంది. ఒక ముసలామె చేతిసంచితో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తినడానికి వచ్చిన మనిషిలా లేదు. గోడలు, బల్లలు, పొయ్యి, అన్నీ కలియజూస్తోంది. వడ్డిస్తున్న హోటల్ మనిషి ఆమెను చూసి గిన్నె కింద పెట్టేశాడు.

"చిన్నమ్మా! గింత దూరం ఎట్ల వచ్చినవ్?"

కాకా భార్య. బోథ్ నుంచి బస్సులు మారుతూ వచ్చింది. ఆమె తెలుగులో ఆదిలాబాద్ వైపు వినపడే మరాఠీ యాస ఉంది. కూర్చుని, సంచిలోంచి ఒక ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. అద్దం పగిలిన పాత ఫోన్.

"గిది తెరుసుకుంటలేదు బిడ్డా. దుకాణపాయనకు ఇస్తె అన్ని తుడిసిపెట్టి తెరుస్త అన్నడు. వద్దన్న. నీ హోటల్ గురించి ఫోన్ల మాట్లాడిన, గది రాసుకున్నది, ఎవలన్న సదువచ్చు అని ఆయన నాకు జెప్పిండు. ఇంటికొచ్చినంక నిన్ను గాడికి తోలుకపోత అన్నడు. నాకు సదువు రాదు. ఆయన మాట ఒక్కటన్న నీ దగ్గర ఉంటదని వచ్చిన. జర సదివి ఇనిపియ్యి."

రొట్టెల దగ్గరి నుంచి హోటల్ మనిషి భార్య లేచి వచ్చింది, చేతులకు పిండి అలాగే ఉంది. నెట్ వస్తలేదు చిన్నమ్మా అని ఆయన ఏదో ఒకటి చెప్పి పంపేస్తాడనుకున్నాను. నేనయితే అలాగే చెప్పి ఉండేదాన్ని. ఆయన ఆమె ముందు నేల మీద గొంతుక్కూర్చున్నాడు.

"లేదు చిన్నమ్మా. నేనే తీసేసిన."

"ఎందుకు?"

"గది అబద్ధమని చెప్తెనే హోటల్ ఉంటదన్నరు."

"అబద్ధమన్నవా?"

"అన్న."

ఆమె చాలాసేపు ఆయన ముఖంలోకి చూసింది. కోపం కనపడితే నాకు కొంత తేలికగా ఉండేది. ఏమీ కనపడలేదు. "నేను చదివానమ్మా, ప్రతి మాటా గుర్తుంది, చెప్తాను" అన్నాను.

ఆమె నా వైపు తిరిగి చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు బిడ్డా. నువ్వు జెప్తె నీ గొంతు అయితది."

భార్య పళ్లెంలో రొట్టె, పప్పు, అన్నం పెట్టి తెచ్చి ఆమె ముందు ఉంచింది. చేతులు కడుక్కోవడానికి నీళ్లు పట్టుకుని నిలబడింది. ముసలామె పళ్లెం వైపు చూసి, ఫోన్ గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

"ఆయనతోటి తిందమనుకున్న" అంది. "పోత మరి. నిర్మల్ బస్సు ఉంటదో పోతదో."

"ఒక్క బుక్క తిని పో చిన్నమ్మా" అని ఆయన సందు చివరిదాకా వెంట నడిచాడు. ఆమె ఆయన తల మీద చెయ్యి పెట్టింది, ఏదో అంది, నాకు వినపడలేదు. బస్టాండు వైపు మళ్లింది. ఆమె ఏమన్నదో ఆయన ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు, భార్యకు కూడా.

ఆయన వెనక్కి వచ్చేసరికి గుమ్మం దగ్గర బల్ల మీద ఒక కుటుంబం భోజనం ముగించి లేస్తోంది. వాళ్లకు ఇదేమీ తెలియదు. వాళ్లలో ఒక కుర్రవాడు సంతోషంగా ఫోన్ పైకెత్తి చూపించాడు. "అన్నా, మస్తుంది భోజనం. మీకు ఐదు సుక్కలు ఇస్తున్న, సూడున్రి."

ఆయన ముసలామె ముట్టని పళ్లెం చేతిలోకి తీసుకుంటూ ఆగాడు.

"రాయకు తమ్మీ," అన్నాడు. "కడుపునిండ తిన్నవు గద. సాలు."